అదే గేటులో వేరే పని



గోదావరి డెల్టాలో సేవ చేసే కాపరుల దగ్గరకు పెండ్లి సంబంధాల గురించి, గట్టు తగాదాల గురించి సలహా అడగడానికి వచ్చేవారు ఎప్పుడూ ఉన్నారు. కొంత కాలముగా మరొక ప్రశ్న ఎక్కువైంది. "అయ్యగారూ, కంపెనీవారు రెండు కాగితాలు ఇచ్చారండి. ఒకదాని మీద సంతకము పెడితే డబ్బు ఇచ్చి పంపేస్తారంట. రెండోదాని మీద పెడితే వేరే సెక్షనులో వేరే పని ఇస్తారంట. దేని మీద పెట్టమంటారు?" అని. మిల్లు పనివారు, చక్కెర ఫ్యాక్టరీవారు, టెలిఫోనువారు, బ్యాంకు గుమాస్తాలు, అందరూ ఏదో ఒకనాడు ఈ మాట అడిగినవారే. దేవుని చిత్తమేదో ప్రార్థించి చెప్పమంటారు. కొందరైతే రెండు చీటీలు రాసి మడిచి తెచ్చి, మా బల్ల మీద వేసి, ఒకటి తీయమంటారు కూడ!

ప్రార్థన తప్పకుండా చేస్తాము. చీటీ మాత్రము తీయము. కాగితము, పెన్సిలు తెమ్మంటాము. వీలైతే మరుసటి సాయంత్రము భార్యను కూడ వెంటబెట్టుకుని రమ్మంటాము.

ఎందుకంటే, మేము చూచినంతలో ఈ నిర్ణయమును చెడగొట్టేవి రెండు. ఒకటి, కాగితము అడుగున కనబడే పెద్ద అంకె. రెండవది, నలుగురిలో నామోషీ. అంకెను చూచి కొందరు విరమణ తీసుకుంటారు. నామోషీ వలన మరికొందరు వేరే పని వద్దంటారు. ఈ రెంటినీ కాసేపు ప్రక్కన పెట్టి, డబ్బు చేతికి వచ్చిన తరువాత మూడవ సంవత్సరములో జూన్ నెల మన ఇంట ఎలా గడుస్తుందో లెక్క వేయమని మేము అడుగుతాము. మొదటి సంవత్సరము ఎవరికైనా బాగానే ఉంటుంది. మూడవ జూన్ వచ్చేసరికి పిల్లల ఫీజులు, పుస్తకాలు, సార్వా పెట్టుబడి, ఇంటి పైకప్పు మరమ్మతు అన్నీ ఒక్కసారే వచ్చి గుమ్మములో నిలబడతాయి. ఆ నెలలో ఇంటికి వచ్చే రూపాయి ఎక్కడ నుండి వస్తుంది? అడగవలసిన ప్రశ్న ఇదే.

మన ప్రాంతములో అందరూ ఎరిగిన సంగతి టెలిఫోనువారిది గనుక దానితో మొదలుపెడదాము. 2000 అక్టోబరు 1న ప్రభుత్వ టెలికాం సేవలు బి.ఎస్.ఎన్.ఎల్. అనే సంస్థ క్రిందికి వచ్చాయి. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరము మొదలుకొని అమలాపురము, నర్సాపురము వరకు ఎక్స్చేంజీలలో పనిచేసినవారు శాఖ ఉద్యోగులుగా చేరి సంస్థ ఉద్యోగులయ్యారు. సెల్ ఫోనులు వచ్చిన తరువాత ఇంటి ఫోనులు తగ్గిపోయాయి. సంస్థ ఆదాయములో ఎక్కువ పాలు జీతాలకే పోయే స్థితి వచ్చింది. 2019 అక్టోబరు 23న కేంద్ర మంత్రివర్గము ఆ సంస్థను నిలబెట్టడానికి ఒక పథకమును ఆమోదించింది. అందులో ఒక భాగము స్వచ్ఛంద పదవీ విరమణ. 50 సంవత్సరములు నిండినవారు అర్హులు. నవంబరు 4 నుండి డిసెంబరు 3 వరకు, అంటే సరిగ్గా ఒక నెల గడువు. దేశమంతటా సుమారు లక్షన్నర మంది ఉద్యోగులుండగా 78 వేల మందికి పైగా ఒప్పుకున్నారు. 2020 జనవరి 31వ తేదీ, శుక్రవారము సాయంత్రము, వారందరూ ఒక్కసారే ఇంటికి వెళ్ళారు. మన చిన్న ఊళ్ళ ఎక్స్చేంజీలు కొన్ని ఆ మరుసటి సోమవారము తాళము తీసేవారు కూడ లేక వెలవెలబోయాయి.

లెక్క ఇలా కట్టారు. పూర్తయిన ప్రతి సంవత్సరపు సర్వీసుకు 35 రోజుల జీతము. రిటైరు కావడానికి మిగిలిన ప్రతి సంవత్సరమునకు 25 రోజుల జీతము. దీనికి ఒక గరిష్ఠ పరిమితి కూడ ఉంది. ఉదాహరణకు 52 సంవత్సరముల వయస్సు, 28 సంవత్సరముల సర్వీసు, నెల జీతము 60 వేలు ఉన్న సహోదరుణ్ణి తీసుకుందాము. 28 ముప్ఫైఅయిదులు 980 రోజులు. మిగిలిన 8 సంవత్సరములకు 25 చొప్పున 200 రోజులు. మొత్తము 1,180 రోజులు. రోజుకు 2 వేల లెక్కన 23 లక్షల 60 వేలు. దీనిని మిగిలిన 96 నెలలకు పంచితే నెలకు ఇంచుమించు 24,500 వస్తుంది. శాఖ నుండి వచ్చినవారికి ప్రభుత్వ పెన్షను ఉంది గనుక, అది సుమారు సగము జీతము, అంటే 30 వేలు అనుకోండి. రెండూ కలిపితే 54,500. పనిచేస్తే 60 వేలు, చేయకపోతే 54,500! పైగా జీతాలు ఆలస్యమవుతున్న రోజులవి. కాబట్టి అంతమంది వెళ్ళిపోయారంటే ఆశ్చర్యము లేదు. వారు తొందరపడ్డారని మేము అనము.

అయినను అందరికీ సాఫీగా జరగలేదు. పరిహారము ఒకేసారి కాక విడతలుగా వచ్చింది. రెండు నెలలు తిరగకుండానే 2020 మార్చి 25 నుండి కరోనా లాక్‌డౌను వచ్చి పడింది. ఏప్రిల్‌లో కొట్టు తెరుద్దామని, టిఫిను సెంటరు పెడదామని అడ్వాన్సులిచ్చి ఉన్నవారు ఆ అడ్వాన్సులు పోగొట్టుకున్నారు. పెన్షను మాత్రము నెల నెలా వచ్చింది. వారిని కాపాడినది ఆ పెన్షనే గాని పెద్ద అంకె కాదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకోండి, ఎందుకంటే "ఫలానా టెలిఫోను ఆయన వీఆర్ఎస్ తీసుకుని హాయిగా ఉన్నాడు" అని వాదించే మిల్లు సహోదరులను మేము చాలామందిని చూచాము. వీఆర్ఎస్ అనే మాట ఒక్కటే గాని, దాని వెనుక పెన్షను ఉన్నవారికి ఒక అర్థము, లేనివారికి మరొక అర్థము.

ఇప్పుడు మిల్లు పనివాని లెక్క చూద్దాము. వయస్సు 50, సర్వీసు 25 సంవత్సరములు, నెలకు 20 వేలు, అంతా బేసిక్, డి.ఏ. క్రిందే అనుకుందాము. కంపెనీవారు సర్వీసు సంవత్సరమునకు ఒక నెల జీతము ఇస్తామన్నారు. కాగితము అడుగున 12 లక్షల 88 వేలు అని ఉంటుంది. అది చూడగానే కళ్ళు తిరుగుతాయి. అయితే ఆ అంకెను విడదీయండి. అందులో ప్రావిడెంటు ఫండు 5 లక్షలు. అది అతని డబ్బే. గ్రాట్యుటీ, నెల జీతమును 26తో భాగించి 15తో, 25 సంవత్సరములతో హెచ్చవేస్తే 2 లక్షల 88 వేలు. అది కూడ ఈ రోజు మానినా, 58వ ఏట మానినా చట్టప్రకారము రావలసినదే, ఆగితే ఇంకా పెరిగేదే. ఉద్యోగము వదులుకున్నందుకు కంపెనీవారు నిజముగా ఇస్తున్నది 5 లక్షలు మాత్రమే. మన సొమ్మును మనకే చూపించి కాగితమును బరువెక్కిస్తారు. ఇందులో మోసము లేదు గాని, చదివేవాడు జాగ్రత్తగా చదవాలి.

ఆ 5 లక్షలను 7 శాతము వడ్డీకి బ్యాంకులో వేస్తే నెలకు 3 వేలు కూడ రాదు. వదులుకుంటున్న జీతము 8 సంవత్సరములకు 19 లక్షల 20 వేలు. మరి పెన్షనో? 1995 నాటి ఉద్యోగుల పెన్షను పథకము క్రింద పూర్తి పెన్షను 58వ ఏట మొదలవుతుంది. 50 దాటినవారు ముందుగా తీసుకోవచ్చు గాని, ముందు తీసుకున్న ప్రతి సంవత్సరమునకు 4 శాతము చొప్పున తగ్గుతుంది, ఆ తగ్గింపు బ్రతికినంత కాలము ఉంటుంది. 2014 నుండి కనీస పెన్షను నెలకు 1,000 రూపాయలు. దీనితో మూడవ జూన్ ఎలా గడుస్తుందో మీరే చెప్పండి.

రెండు చట్టపు సంగతులు ఇక్కడే చెప్పి ముందుకు వెళ్తాము. కంపెనీవారే మనిషిని తీసివేస్తే సర్వీసు సంవత్సరమునకు కనీసము 15 రోజుల జీతము ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టములో ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అదే నియమము ఉంది. కాబట్టి "ఇప్పుడు తీసుకోకపోతే తరువాత ఏమీ రాదు" అని ఎవరైనా బెదిరిస్తే భయపడనక్కరలేదు. రెండవది, నియమాల ప్రకారము జరిగిన స్వచ్ఛంద విరమణ పరిహారములో 5 లక్షల వరకు ఆదాయపు పన్ను లేదు. ఆ మినహాయింపు జీవితములో ఒక్కసారే.

వడ్డీ మీద బ్రతుకుతామనుకునేవారికి 2000, 2001 సంవత్సరాలలో బ్యాంకువారికి జరిగినది చెబుతూ ఉంటాము. ఆ కాలములో ప్రభుత్వరంగ బ్యాంకులన్నిటిలో కలిపి లక్ష మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. బ్యాంకు లెక్కలు తెలిసినవారే! అప్పుడు ఫిక్సెడు డిపాజిట్లకు 10 శాతము దరిదాపుగా వడ్డీ వచ్చేది. ఆ లెక్క మీదనే ఇల్లు గడుస్తుందనుకున్నారు. 2003, 2004 నాటికి ఆ వడ్డీ 6 శాతము చుట్టుప్రక్కలకు దిగిపోయింది. వారు చేసిన తప్పేమీ లేదు. అసలు అలాగే ఉంది, ఖర్చు పెరిగింది, రాబడి మాత్రము సగమునకు దగ్గరైంది. జీతమునకు డి.ఏ. పెరుగుతుంది. డిపాజిట్టుకు డి.ఏ. ఉండదు.

మరి ఆ డబ్బు బ్యాంకులోనైనా ఉంటుందా? మన వైపు చేతిలో నాలుగు లక్షలు ఉన్నాయని తెలిస్తే దారి చూపేవారికి కొదువ లేదు. చెరువు లీజుకు తీసుకుందామంటారు. రొయ్య పండితే బంగారమే, కాదనము. కాని 1994, 1995లో తెల్లమచ్చ తెగులు వచ్చి కోస్తా అంతటా చెరువులు తుడిచిపెట్టుకుపోయిన సంగతి పెద్దలకు తెలుసు. 2025 ఆగస్టులో అమెరికావారు సుంకము పెంచినప్పుడు భీమవరము చుట్టుప్రక్కల ధర ఏమైందో చిన్నవారికి కూడ తెలుసు. మరికొందరు ఎక్కువ వడ్డీ ఇచ్చే కంపెనీ ఉందంటారు. అగ్రిగోల్డ్‌లో కట్టిన సుమారు 32 లక్షల మందిలో మన పల్లెలవారు ఎంతమంది! ఆ డబ్బులో రిటైరైనవారి సొమ్ము ఎంత! చెరువు తెలిసినవాడు చెరువు చేయవచ్చు. ముప్ఫై సంవత్సరములు మిల్లులో పనిచేసి, 50వ ఏట మొదటిసారి గట్టు మీద నిలబడి మేత జల్లేవాడికి మాత్రము మేము ధైర్యము చెప్పలేము.

సంఘ సంబంధమైన ఒక మాట కూడ ఇక్కడే చెప్పాలి. విరమణ డబ్బు రాగానే అందులో దశమ భాగము తెచ్చి ఇవ్వబోయే భక్తిగల కుటుంబాలున్నాయి. వారి మనస్సు మంచిది. అయితే అది పంట కాదు, విత్తనము. రాబోయే 8 సంవత్సరముల జీతమును ముందుగా తెచ్చుకున్నట్టు. నెల నెలా దాని మీద వచ్చే దానిలో నుండి ఇవ్వండి అని మేము చెబుతాము. ఈ మాటకు మా తోటి సేవకులు కొందరు మాతో ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా మేము ఇదే చెబుతాము.

ఇక రెండవ కాగితము సంగతి, అంటే అదే గేటులో వేరే పని. ఇక్కడే నామోషీ అడ్డు వస్తుంది. మిషను ఆపరేటరుగా ఉన్నవాణ్ణి స్టోర్సులో పెడితే, డ్రైవరుగా ఉన్నవాణ్ణి డిపో ఆఫీసులో కూర్చోబెడితే, "దించేశారు" అని ఊరు అనుకుంటుందని బాధ. ఊరు రెండు వారాలు అనుకుంటుంది, తరువాత మరొకరి గురించి అనుకుంటుంది.

టెలిఫోనువారి దగ్గరకే మళ్ళీ రండి. పూర్వము తాలూకా ఊళ్ళలో చేతితో కలిపే ఎక్స్చేంజీలుండేవి. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, త్రాళ్ళు పీకి గుచ్చుతూ, "ట్రంకు కాల్ కలిసింది, మాట్లాడండి" అనే ఆపరేటరు సహోదరీమణులను ఎరుగని ఊరు లేదు. ఆటోమేటిక్ ఎక్స్చేంజీలు, ఎస్.టి.డి. వచ్చిన తరువాత ఆ పని పోయింది. 1990లలో శాఖవారు ఉద్యోగ శ్రేణులను మార్చి, ఆపరేటర్లను ఆఫీసు పనిలోకి, బిల్లు కౌంటర్ల దగ్గరకు, లైనుమన్లను శిక్షణ ఇచ్చి ఫోను మెకానిక్కులుగా మార్చారు. 2013 జూలైలో టెలిగ్రాము సేవ ఆపివేసినప్పుడు ఆ విభాగములో మిగిలినవారిని ఇతర పనులలో సర్దారు. అప్పుడు వారికి వేరే దారి కూడ లేదనుకోండి, డబ్బు తీసుకుని వెళ్ళే కాగితము ఎవరూ ఇవ్వలేదు. అయితే చూడండి, చేతిలో ఉన్న విద్య పనికిరాకుండా పోయినా, కొత్త పని నేర్చుకుని నిలబడినవారే 2020లో పెన్షనుతో, పరిహారముతో గౌరవముగా బయటికి వచ్చారు.

ఆర్టీసీ డ్రైవర్ల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. కంటి పరీక్షలో తప్పినవాడు స్టీరింగు పట్టకూడదు, ప్రయాణికుల ప్రాణాల విషయము గనుక దానిలో తగవు లేదు. అయితే అతణ్ణి ఇంటికి పంపాలా, వేరే పని ఇవ్వాలా? సర్వీసులో ఉండగా వైకల్యము వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదు, హోదా తగ్గించరాదు, అదే జీతపు స్కేలులో వేరే పోస్టుకు మార్చాలి అని 1995 చట్టములో ఉండేది, 2016 చట్టములో మళ్ళీ ఉంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరి విషయములో తీర్పు చెప్పింది. రంగులు పోల్చుకోలేడని అతణ్ణి వైద్య కారణములతో విరమింపజేశారు. ముందు వేరే పని చూపించే ప్రయత్నము చేయకుండా పంపివేయడము సరికాదని, 1979లో యూనియనుతో చేసుకున్న ఒప్పందము కూడ అదే చెబుతున్నదని న్యాయస్థానము తేల్చి, అదే జీతములో తగిన పని ఇమ్మన్నది. వేరే పని అనేది యజమాని దయతో విదిలించినది కాదని, కొన్ని చోట్ల అది పనివాని హక్కని దీనిని బట్టి తెలుస్తున్నది. హక్కుగా వచ్చినదానిని తీసుకోవడానికి సిగ్గు ఎందుకు?

అయితే వేరే పని అన్నంత మాత్రాన కళ్ళు మూసుకుని ఒప్పుకోమని కాదు. బేసిక్ అలాగే ఉంటుందా, సీనియారిటీ పోతుందా, షిఫ్టు అలవెన్సు, ఓవర్‌టైము ఎంత తగ్గుతుంది, వేరే ఊరికి బదిలీ ఉందా, ఆ కొత్త సెక్షను తానే మూతపడే సెక్షనా అని అడగాలి. నోటిమాటగా చెప్పినది ఎంత పెద్ద ఆఫీసరు చెప్పినా నోటిమాటే. కాగితము మీద అడగాలి. యూనియను నాయకుని కంటె ముందు పర్సనల్ ఆఫీసు గుమాస్తాను అడగడము మంచిది, మా అనుభవములో అంకెలు అతనికే బాగా తెలుసు.

మూడు సంవత్సరముల క్రితము ఒక దంపతులు మా దగ్గరకు వచ్చారు. భర్తకు 49 సంవత్సరములు. అతని మిషను తీసివేశారు. డబ్బు తీసుకుని వెళ్ళమన్నారు, లేదా లారీల కాటా దగ్గర పనిచేయమన్నారు. "ముప్ఫై ఏళ్ళు మిషను మీద నిలబడినవాణ్ణండి. ఇప్పుడు లారీలకు చీటీలు రాయాలంట. అక్కడ ఇన్‌ఛార్జి ఎవరో తెలుసాండి? మొన్నటి దాకా నా కింద హెల్పరు" అన్నాడు. ఆ మాటలో కోపము కంటె ఏడుపు ఎక్కువ ఉంది. మేము లెక్కలు వేస్తున్నంత సేపూ ఆమె మాట్లాడలేదు. చివరకు మేమే అడిగాము, "అమ్మా, నీవేమంటావు?" అని.

ఆమె అన్నది: "డబ్బు ఇంకా రానే లేదు, దానికి ఇప్పటికే ముగ్గురు వాటాదారులు తయారయ్యారండి. మా మరిది ట్రాక్టరు అంటున్నాడు. మా ఆయన తోడల్లుడు చెరువు అంటున్నాడు. పెద్దమ్మాయి అత్తగారు ఏమీ అనడం లేదు గాని, రోజూ ఫోను చేసి ఎప్పుడొస్తాయని అడుగుతుంది." అతడు తల వంచుకున్నాడు. ఆమె ఆగి, మరొక మాట అన్నది. "ఆ మధ్య మిల్లు ఆగినప్పుడు ఈయన నలభై రోజులు ఇంట్లో ఉన్నారండి. ఆ నలభై రోజులూ ఎలా గడిచాయో నాకు తెలుసండి." ఆమె అంతకంటె వివరించలేదు, మేము అడగలేదు. అది ఏ లెక్కలోనూ వేయలేని అంకె. ప్రొద్దుటే టిఫిను బాక్సు పట్టుకుని వెళ్ళడానికి ఒక చోటు ఉండడము ఆ ఇంటి సమాధానమునకు ఎంత అవసరమో ఆ ఒక్క మాటలో తెలిసింది.

వారు జీతము సంగతి కాగితము మీద అడిగారు. బేసిక్ తగ్గదని రాసి ఇచ్చారు, రాత్రి షిఫ్టు అలవెన్సు మాత్రము పోయింది. అతడు కాటా దగ్గర చేరాడు. ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు, లారీ డ్రైవర్లకు మర్యాద తెలియదని, కాటా గదిలో ఫ్యాను తిరగదని. వారి చిన్నమ్మాయి ఈ సంవత్సరము నర్సింగు పూర్తి చేస్తున్నది.

దీనిని బట్టి విరమణ ఎప్పుడూ తప్పని మీరు అనుకోవద్దు. వెళ్ళిపోవడమే మేలైన సందర్భాలు మేము చూచాము. ఊపిరితిత్తులు చెడిపోయి దుమ్ములో నిలబడలేనివారికి, ఆ దుమ్ము లేని పని లోపల ఏదీ లేకపోతే, ఆగమని ఎవరు చెప్పగలరు? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పులో మునిగి ఉన్నవారికి, ఆ డబ్బుతో అప్పు పూర్తిగా తీరిపోయేటట్టయితే, సంవత్సరమునకు 36 శాతము మిగిలినట్టే. ఏ బ్యాంకూ అంత ఇవ్వదు. అయితే అప్పు తీర్చిన కాగితము చేతికి తీసుకోవాలి, సగము తీర్చి సగముతో చెరువు మొదలుపెడితే రెండూ మిగలవు.

అన్నిటికంటె ముఖ్యముగా, సంస్థ తానే మునిగిపోతున్నప్పుడు వేరే సెక్షను అంటే అదే పడవలో వేరే బల్ల మీద కూర్చోవడమే. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, మెదక్ దగ్గర నిజాం చక్కెర ఫ్యాక్టరీలు మూసివేసినప్పుడు పనివారు జీతాల బకాయిల కొరకు ఎంత తిరిగారో పత్రికలలో చదివాము. మన గోదావరి జిల్లాలలోనూ గొట్టము నుండి పొగ రాని ఫ్యాక్టరీలు ఉన్నాయి. అందుకని మొదట చూడవలసినవి కొన్ని ఉన్నాయి. జీతము తేదీకి వస్తున్నదా? జీతములో కోసిన ప్రావిడెంటు ఫండు నిజముగా ఖాతాలో జమ అవుతున్నదా? దీనికి ఎవరినీ అడగనక్కరలేదు, పి.ఎఫ్. పాసుపుస్తకము ఇప్పుడు ఫోనులోనే చూడవచ్చు, ఇంట్లో చదువుకున్న పిల్లలు చూపిస్తారు. ఆరు నెలలుగా జమ కాకపోతే ఆ సంస్థ పరిస్థితి మీకు తెలిసినట్టే. అలాంటి చోట ఇచ్చేవారు ఇస్తున్నప్పుడే తీసుకుని బయటపడడము తెలివి. చెక్కు చేతికి ఎప్పుడు వస్తుందో, ఎన్ని విడతలో కూడ ముందే తేల్చుకోవాలి.

విరమణ తీసుకున్నవారు డబ్బు వచ్చిన మొదటి మూడు నెలలు ఎవరికీ మాట ఇవ్వకుండా ఉండగలిగితే చాలా మేలు. 55 దాటి విరమించినవారికి పోస్టాఫీసులోను, బ్యాంకులోను వృద్ధుల పొదుపు పథకము ఉంది. మామూలుగా అది 60 నిండినవారికి. విరమణ తీసుకున్నవారు 55 నుండే చేరవచ్చు, కాని డబ్బు అందిన మూడు నెలలలోపు వేయాలి. 30 లక్షల వరకు వేయవచ్చు, వడ్డీ మూడు నెలలకొకసారి చేతికి వస్తుంది. ఈ గడువు సంగతి తెలియక పోగొట్టుకున్నవారు ఉన్నారు. 55 లోపువారు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకము అడగవచ్చు. ఖాతా భార్యాభర్తల ఇద్దరి పేరున తెరవండి. తోడల్లుడు అడిగితే "ఇద్దరి సంతకాలు కావాలండి" అని చెప్పవచ్చు.

గడువు చివరి రాత్రి తొమ్మిది గంటలకు కాగితము పట్టుకుని మా తలుపు తట్టే సహోదరులకు ఒక మనవి. ఆ కాగితము మీకు నెల రోజుల ముందే ఇస్తారు. ఇచ్చిన రోజు సాయంత్రమే ఇంట్లో అందరి ఎదుట బిగ్గరగా చదవండి, ఇంగ్లీషులో ఉంటే పిల్లలచేత చదివించి అర్థము చెప్పించుకోండి. తరువాత ఏ వారములోనైనా రండి. మంగళవారము, గురువారము సాయంత్రాలు మేము ఇంటిదగ్గరనే ఉంటాము. వచ్చేటప్పుడు ఆఖరి జీతపు చీటీ, పి.ఎఫ్. లెక్క, అప్పుల జాబితా తీసుకురండి.